జనవరి ప్లాన్ ఉగాది దాకా ఎందుకు నిలవదు: మనల్ని మనం ఒక సిస్టమ్‌గా చూసుకోవడం

మీరు అడిగింది ఇదీ: వయసు 31, సొంతూరు ప్రొద్దుటూరు, బెంగళూరు కుందలహళ్ళిలో అద్దె ఇల్లు, బెళ్ళందూరు వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏటా జనవరిలో జిమ్, ఏఐ కోర్సు, పొదుపు, పొద్దున్నే లేవడం అన్నీ కలిపి ఒక ప్లాన్ రాసుకుంటారు. ఉగాది వచ్చేసరికి అందులో ఒక్కటీ మిగలదు. ఇంకోపక్క ఇల్లు కొనాలా, అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళిపోవాలా అన్నది ఎంతకీ తేలడం లేదు. "మనల్ని మనం ఒక సిస్టమ్‌గా అర్థం చేసుకోవాలంటారు. వినడానికి బాగుంది, చేతల్లో ఎలా చేస్తారు?" అన్నారు.

నాది హిందూపురం. బెంగళూరులోనే పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలో చాలా ఏళ్లుగా ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తున్నాను. ఫర్నేసులో వేడి, బాయిలర్‌లో ప్రెషర్, ట్యాంకులో మట్టం అనుకున్న చోట నిలబడేలా కంట్రోలర్లు సెట్ చేయడం, నిలబడకపోతే ఎందుకో కనుక్కోవడం, ఆ పనిని కొత్తగా వచ్చిన పిల్లలకు నేర్పడం. అందుకే మీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది. మీరు రాసిన లక్షణాలన్నీ మాకు ప్లాంట్లలో రోజూ కనిపించేవే. వాటికి మా పనిలో పద్ధతులున్నాయి, ఆ పద్ధతులు మనుషుల విషయంలోనూ పనికొస్తాయని నా గట్టి నమ్మకం. ఎక్కడ పనికిరావో కూడా చెబుతాను.

ఏదైనా ఎంత కదిలించినా తిరిగి అదే చోటికి వస్తోందంటే, దాన్ని అక్కడికి లాగుతున్నది ఒకటి ఉంటుంది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి తగిలించిన గవర్నర్, అంటే వేగాన్ని అదుపులో ఉంచే పరికరం, చూడండి. వేగం పెరిగితే గిర్రున తిరిగే రెండు ఇనుప గుండ్లు పైకి లేచి ఆవిరి దారిని కాస్త మూస్తాయి. వేగం తగ్గితే కిందికి దిగి తెరుస్తాయి. మన ఒంట్లోనూ అంతే. ఎండలో తిరిగినా ఏసీలో కూర్చున్నా లోపలి వేడి 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఈ నిలకడకు హోమియోస్టాసిస్ అని పేరు పెట్టింది వాల్టర్ కానన్ అనే అమెరికా శరీరశాస్త్రవేత్త. యంత్రాల్లోనూ ప్రాణుల్లోనూ జరిగేది ఒకే రకం పని అంటూ 1948లో గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ సైబర్నెటిక్స్ అనే శాస్త్రాన్నే నిలబెట్టారు. కొలవడం, ఉండాల్సినదానితో పోల్చడం, తేడాను బట్టి సర్దడం, మళ్ళీ కొలవడం. దీన్నే మేం లూప్ అంటాం.

ఇప్పుడు మీ ఉగాది సంగతి. "ప్లాన్ పడిపోయింది, నేను బద్ధకస్తుణ్ణి" అని మీరు రాశారు. నేను అలా చదవలేదు. మార్చిలో మీ జీవితం డిసెంబరులో ఉన్నట్టే అయిందంటే మీలో ఒక లూప్ చాలా బాగా పనిచేస్తోందన్నమాట. అది దేన్నో కాపాడుతోంది. దేన్ని కాపాడుతోందో తెలుసుకోకుండా దానితో కుస్తీ పడితే ప్రతిసారీ అదే గెలుస్తుంది, ఎందుకంటే అది రోజంతా పనిచేస్తుంది, మీ పట్టుదల మాత్రం పొద్దున కాసేపే ఉంటుంది.

మా టీమ్‌లో కదిరి కుర్రాడు ఒకడున్నాడు. అమెరికా కస్టమర్ల సపోర్ట్ చూస్తాడు. రాత్రి నిద్ర పట్టక కాదు, పడుకోకపోవడం వల్ల ఇబ్బంది పడేవాడు. ఫోన్‌లో యాప్ లాక్ పెట్టాడు, తీసేశాడు. ఫోన్‌ను వంటింట్లో పెట్టి వచ్చాడు, లేచి వెళ్ళి తెచ్చుకున్నాడు. నన్ను అడిగితే ఏమీ మార్చకుండా కొన్నాళ్లు ఊరికే రాయమన్నాను. అతని పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది: "8:30 కాల్ మొదలు. 10:05కి అయింది. 10:20 అన్నం, చల్లారిపోయింది, వేడి చేయలేదు. 10:45 మంచం, ఫోన్. 1:40 లైటు ఆర్పాను." దాదాపు ప్రతి పేజీ ఇదే. ఆ మూడు గంటల్లో నీకు ఏం దొరుకుతోంది అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఆ టైంలో నన్నెవరూ ఏమీ అడగరన్నా" అన్నాడు.

రోజంతా చూస్తే అది అక్షరాలా నిజం. పొద్దున టీమ్ లీడ్, మధ్యాహ్నం మీటింగులు, సాయంత్రం ఏడున్నరకు పెళ్ళి సంబంధాల గురించి అమ్మ ఫోన్, రాత్రి క్లయింటు. తనది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ అర్ధరాత్రి ఒక్కటే. ఫోన్ లాక్ చేయడమంటే ఆ ఒక్కదాన్నీ లాక్కోవడమే కదా, అతను ఎదురు తిరగక ఏం చేస్తాడు! అందుకని నిద్ర జోలికి పోలేదు. వారంలో రెండు సాయంత్రాలు ఆరు నుంచి ఎనిమిది దాకా క్యాలెండర్‌లో బ్లాక్ చేయించాం, ఆ టైంలో షటిల్ కోర్టుకు వెళ్తాడో, చెరువు గట్టున కూర్చుంటాడో అతని ఇష్టం. అమ్మ ఫోన్‌ను పొద్దున మెట్రో దిగి ఆఫీసుకు నడిచే దారికి మార్చుకున్నాడు. కొన్ని వారాలకు లైటు ఆర్పే టైం దానంతట అదే పన్నెండు దగ్గరికి వచ్చింది. పదిన్నరకు రాలేదు, వస్తుందని నేను చెప్పనూ లేదు.

మీరూ ముందు చేయాల్సింది ఇదే: రెండు మూడు వారాలు రాయండి, ఏదీ మార్చకండి. మా షిఫ్ట్ లాగ్‌బుక్‌లో ఆపరేటర్ తన అభిప్రాయం రాయడు. టైం, రీడింగ్, ఏ వాల్వ్ తిప్పాడు, అంతే రాస్తాడు. "ఈ రోజు బద్ధకంగా ఉంది" అనేది రీడింగ్ కాదు, తీర్పు. "6:30 అలారం ఆపి పడుకున్నా, రాత్రి 1:15కి పడుకున్నాను" అనేది రీడింగ్. ప్రతి ఎంట్రీకి పక్కన రెండే రాయండి: దానికి ముందు ఏం జరిగింది, దానివల్ల ఆ క్షణంలో ఏం దొరికింది. రెండోదే అసలైనది. కోర్సు వీడియో ఆపేసి రీల్స్ తెరిచినప్పుడు దొరికింది వినోదమేనా, లేక "నాకు ఇది అర్థం కావడం లేదు" అనే ఇబ్బంది నుంచి తప్పించుకోవడమా? ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. మొదటిదైతే కాస్త విశ్రాంతి కావాలి, రెండోదైతే కోర్సులో ఇంకా కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలి.

యాప్‌లో కాకుండా కాగితం మీద రాయమంటాను. యాప్ తెరవడానికి ఫోన్ తీస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

రాయమనడానికి ఇంకో కారణం ఉంది. మన సెన్సార్లు మనకు తప్పు చూపిస్తాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగం 2003లో అచ్చయింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 14 రోజుల పాటు కొందరిని రాత్రికి 8 గంటలు, కొందరిని 6, కొందరిని 4 గంటలు పడుకోనిచ్చారు. 6 గంటలూ అంతకన్నా తక్కువా పడుకున్నవాళ్ల చురుకుదనం రోజురోజుకూ పడిపోతూ, చివరికి ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే పోనివాళ్ల స్థాయికి దిగింది. అయినా వాళ్లకు ఆ సంగతి పెద్దగా తెలియలేదు. మొదటి కొన్ని రోజుల తర్వాత "పర్వాలేదు, అలవాటైంది" అనే స్థితిలోనే ఉండిపోయారు. ఫర్నేసులో వేడిని కొలిచే థర్మోకపుల్ పాడైతే కంట్రోలర్ ఎంత మంచిదైనా సరుకు మాడిపోతుంది. నిద్ర తక్కువైన మనిషి తన గురించి తాను వేసుకునే అంచనా అలాంటిదే. "నాకు ఆరు గంటలు చాలు" అనే మాట మీ ప్రశ్నలో ఉంది. దాన్ని నమ్మకండి, కొలవండి.

కాఫీ కూడా ఇందులో భాగమే. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఇది బాగా మారుతుంది. సాయంత్రం ఆరింటికి దర్శిని హోటల్లో నిలబడి తాగిన ఫిల్టర్ కాఫీలో సగం కెఫీన్ రాత్రి పదకొండింటికి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

లాగ్‌బుక్ రాశాక మార్పు. ఇక్కడ మేం చేసే పనిని స్టెప్ టెస్ట్ అంటాం. తెలియని ప్లాంట్ చేతికొస్తే కంట్రోలర్‌ను మాన్యువల్‌లో పెట్టి ఒక్క వాల్వ్‌ను కొద్దిగా, ఐదో పదో శాతం తెరుస్తాం. ఇక ఏదీ ముట్టుకోకుండా రీడింగ్ చూస్తూ కూర్చుంటాం. ఎంతసేపటికి కదలడం మొదలైంది, ఎంతసేపటికి కుదురుకుంది, ఎంత మారింది. ఈ మూడూ తెలిస్తే ఆ ప్లాంట్ స్వభావం తెలిసినట్టే. ఒకేసారి నాలుగు వాల్వులు తిప్పితే ఏదో జరుగుతుంది గానీ దేనివల్ల జరిగిందో ఎవరూ చెప్పలేరు. మీ జనవరి ప్లాన్‌లో జరిగేది సరిగ్గా అదే: జిమ్, కోర్సు, పొదుపు, ఐదున్నర అలారం, అన్నీ ఒకే రోజు. మూడో వారంలో అలసట వచ్చింది. దేనివల్ల వచ్చింది? జిమ్ వల్లా, ఐదున్నరకు లేవడం వల్లా? తెలియదు కాబట్టి చివరికి అన్నీ ఆపేశారు.

ఒక్కటే మార్చండి, చిన్నదిగా మార్చండి, దాని ఆలస్యం పూర్తయ్యేదాకా ఆగండి. ఈ ఆలస్యం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. నిద్ర టైం మారిస్తే తేడా ఒకటి రెండు వారాల్లో తెలుస్తుంది. పొదుపు మారిస్తే కొన్ని నెలలు పడుతుంది. కొత్త నైపుణ్యం జీతంలోకి రావడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు. రెండేళ్ల ఆలస్యమున్న పనిని రెండు వారాలకోసారి కొలిచి "ఏమీ రావట్లేదు" అనుకుంటే, వస్తున్నదాన్ని మనమే నరికేసినట్టవుతుంది.

ఇక గట్టిగా పట్టుబట్టడం గురించి. మా పనిలో గెయిన్ అని ఒకటుంది. తేడా ఇంత ఉంటే ఎంత బలంగా సర్దాలి అన్నది గెయిన్. ఎక్కువ పెడితే త్వరగా దారికి వస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. ఎక్కువ పెడితే జరిగేది హంటింగ్: రీడింగ్ పైకి పోతుంది, కిందికి పడుతుంది, మళ్ళీ పైకి. గవర్నర్లు ఇలా ఎందుకు ఊగుతాయో లెక్కలు కట్టి చూపిస్తూ జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1868లోనే వ్యాసం రాశారు. 1942లో జీగ్లర్, నికోల్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు దీనికి ఒక పద్ధతి ఇచ్చారు, ఇప్పటికీ వాడుతున్నాం. గెయిన్‌ను మెల్లగా పెంచుకుంటూ పొండి. ఎక్కడ రీడింగ్ ఆగకుండా ఊగడం మొదలవుతుందో ఆ విలువ రాసుకోండి. మామూలు కంట్రోలర్‌కు అందులో సగం పెట్టండి. మీ చరిత్రలో ఆ ఊగే విలువ ఇప్పటికే ఉంది. వారానికి ఆరు రోజులు జిమ్ అనుకున్నప్పుడు నెల తిరిగేసరికి ఊగిపోయింది. కాబట్టి ఆరులో సగం, మూడు రోజులు. రోజుకు రెండు గంటల కోర్సు నిలవలేదంటే ఒక గంట. తక్కువగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి.

దీనికి తోడు మిమ్మల్ని ముంచుతున్నది బాకీ లెక్క. మీరే రాశారు: "సోమవారం మిస్ అయితే మంగళవారం నాలుగు గంటలు కూర్చోవాలనుకుంటాను, అది కుదరక బుధవారం ఆరు గంటలు అవుతుంది, ఇక శనివారానికి వదిలేస్తాను." దీనికి మా దగ్గర పేరుంది, ఇంటిగ్రల్ విండప్. వాల్వ్ పూర్తిగా తెరుచుకుంది, ఇక తెరవడానికి ఏమీ లేదు, కానీ కంట్రోలర్ లోపల తేడాను కూడబెడుతూనే ఉంటుంది. తర్వాత పరిస్థితి బాగుపడ్డా ఆ పేరుకుపోయిన బాకీ వల్ల వాల్వ్ మూసుకోదు, రీడింగ్ హద్దు దాటిపోతుంది. మందు చాలా చిన్నది: వాల్వ్ చివరికంటా వెళ్ళినప్పుడు కూడబెట్టడం ఆపేయడం. మీకు నియమం ఇదీ. తప్పిపోయిన రోజు తప్పిపోయింది, మర్నాడు మామూలు గంటే. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం అలవాట్లు ఎలా కుదురుతాయో 96 మందిని పరిశీలించి 2010లో ఫలితాలు అచ్చేసింది. ఒక చిన్న అలవాటు దానంతట అది జరిగేలా కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదరడానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదని కూడా అందులోనే తేలింది. ఒక్క రోజు పోతే అంతా పోయినట్టే అనుకోవడం వల్లే మీ మార్చి పోతోంది. జనవరి 1 నుంచి ఉగాది దాకా ఎన్ని రోజులో మీరే లెక్కేసుకోండి. చాలా అలవాట్లు కుదురుకోబోతున్న సమయంలో మీరు ఆపేస్తున్నారు.

ఇప్పుడు లైఫ్ ప్లానింగ్. పెద్ద ప్లాంట్లలో ఒక లూప్ లోపల ఇంకో లూప్ ఉంటుంది, కాస్కేడ్ అంటాం. బయటిది నిదానం, లోపలిది వేగం. బయటి లూప్ "ఇంత వేడి కావాలి" అని చెబితే లోపలి లూప్ ఆవిరి ఎంత వదలాలో చూసుకుంటుంది. లోపలిది బయటిదాని కన్నా కనీసం మూడు నాలుగు రెట్లు వేగంగా ఉండాలి. ట్యూనింగ్ ఎప్పుడూ లోపలి నుంచే మొదలుపెట్టాలి. లోపలిది ఊగుతుండగా బయటిదాన్ని ఎంత తిప్పినా ఏ ఫలితమూ ఉండదు.

మనిషిలోనూ ఇలాంటి పొరలున్నాయి. రోజు లూప్: నిద్ర, తిండి, కదలిక. నెల లూప్: డబ్బు, మనుషులతో గడిపే సమయం. ఏడాది లూప్: పని, నేర్చుకోవడం. ఆపైన పదేళ్ల లూప్: ఎక్కడ ఉండాలి, ఎవరితో ఉండాలి. మీరు పదేళ్ల ప్రశ్నతో మొదలుపెట్టి, రాత్రి ఒకటిన్నరకు పడుకుని, ఐదు గంటల నిద్రతో దాని గురించి ఆలోచిస్తున్నారు. అది తేలకపోవడంలో ఆశ్చర్యం లేదు. ముందు రోజు కుదురుకోనివ్వండి. అది నిలబడ్డాక నెల. అప్పుడు ఏడాది. ఇలా చేస్తే పెద్ద నిర్ణయం ఆలస్యమవుతుందని భయం వేయొచ్చు. మీకు ఎలాగూ తేలడం లేదు కదా, ఇంకో ఆరు నెలలు కుదురుగా గడిపి అప్పుడు తేల్చుకోవడంలో పోయేదేమీ లేదు.

కాస్కేడ్‌లో ఇంకో సంగతి ఉంది, నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం అదే. లోపలి లూప్‌కు సెట్‌పాయింట్, అంటే చేరాల్సిన విలువ, బయటి లూప్ నుంచి రావాలి. అక్కడి నుంచి రాకపోతే ఇంకెక్కడి నుంచో వస్తుంది. మీ ప్లాన్‌లోని అంశాలను ఒక్కొక్కటిగా తీసి ఇది ఎవరు పెట్టారు అని అడగండి. ఏఐ కోర్సు మీకు ఆ పని నచ్చి పెట్టుకున్నదా, ఆఫీసులో అందరూ చేస్తున్నారని టెన్షన్‌తో పెట్టుకున్నదా? ఇల్లు మీకు కావాలా, మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ గృహప్రవేశం ఫోటోలు పెట్టిన బ్యాచ్‌మేట్ వల్ల కావాలనిపించిందా? బయట నుంచి వచ్చినంత మాత్రాన చెడ్డది కాదు. నాన్నకు మోకాళ్ల నొప్పి, ఆయన్ను దగ్గర పెట్టుకోవాలి అనేది కూడా బయట నుంచి వచ్చినదే, అయినా అది మీరు మనసారా ఒప్పుకున్నది. ఒప్పుకున్నవాటిని ఉంచుకోండి. ఎవరు పెట్టారో గుర్తు కూడా లేనివాటిని కొట్టేయండి. ఈ పని ఒక్కటి నిజాయితీగా చేస్తే మీ ప్లాన్ సగానికి తగ్గుతుందని నా అంచనా.

మీరు ఊళ్ళో పెళ్ళిళ్లను, పండగలను "డిస్టర్బెన్స్" అని రాశారు. ముందే తెలిసిన డిస్టర్బెన్స్‌ను వచ్చాక సర్దుకోవడం కాదు, రాకముందే లెక్కలోకి తీసుకోవాలి. ఫీడ్‌ఫార్వర్డ్ అంటే అదే. మనకు పంచాంగం ఉంది కదా. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల నెలలు. శుక్రవారం రాత్రి మడివాళలో బస్సెక్కి ఆదివారం రాత్రి తిరుగు బస్సెక్కే వారాలు అప్పుడే వస్తాయి. మీ జనవరి ప్లాన్ నేరుగా వెళ్ళి మొదట సంక్రాంతికి, ఆ తర్వాత మాఘ ఫాల్గుణాల పెళ్ళిళ్లకు గుద్దుకుంటోంది. దాని పైన మార్చి అంటే అప్రైజల్ హడావుడి. కొత్త బరువు ఎత్తుకోవడానికి ఏడాది మొత్తంలో అంతకన్నా చెడ్డ సమయం లేదు. ఆషాఢంలో పెళ్ళిళ్లుండవు, బెంగళూరు వాతావరణం చల్లగా ఉంటుంది, సాయంత్రాలు ఖాళీ. కోర్సు అప్పుడు మొదలుపెట్టండి. ముహూర్తాల నెలల్లో ఉన్నది కాపాడుకుంటే చాలు, కొత్తది వద్దు.

ప్రతిదానికీ ఎంత టైం పడుతుందో అంచనా వేసేటప్పుడు కూడా ఇదే దృష్టితో చూడండి. 1979లో డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్లానింగ్ ఫాలసీ అనే మాటను తెచ్చారు. మనం మన పనికి పట్టే సమయాన్ని ఎప్పుడూ తక్కువ అంచనా వేస్తాం. 1994లో అచ్చయిన ఒక పరిశీలనలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో పూర్తవుతుందన్నారు, పట్టింది 55 రోజులకు పైనే. అందుకని "ఈ కోర్సు మూడు నెలల్లో అయిపోతుంది" అని మనసు చెప్పిన లెక్క పక్కన పెట్టి, మీరు ఇంతకుముందు చేసిన కోర్సుకు ఎంత పట్టిందో అది రాసుకోండి.

ఇప్పటిదాకా లూపుల గురించి చెప్పాను. నిల్వ గురించి కూడా చెప్పాలి. బెంగళూరులో అద్దెకున్నవాళ్లకు సంప్ విలువ చెప్పక్కర్లేదు. కావేరి నీళ్లు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపు చేస్తేగానీ ఊరికి రావు, అవీ రోజూ రావు. అయినా కొళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయంటే మధ్యలో సంప్ ఉంది కాబట్టి. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయినప్పుడు పెద్ద సంప్ ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఏమిటో మీ ఏరియాలో అందరూ చూశారు. మీ జీవితంలో అలాంటి సంప్ ఏదీ నాకు కనిపించలేదు. బ్యాంకులో ఒక నెల ఖర్చుకు మించి లేదన్నారు. వారంలో ఒక్క ఖాళీ సాయంత్రం లేదు. అంటే ఒక చిన్న జ్వరం, ఒక రిలీజ్ వాయిదా, ఏది వచ్చినా నేరుగా ప్లాన్ మీదే పడుతుంది. పొదుపును పెట్టుబడి అని కాకుండా నిల్వ అని మొదలుపెట్టండి. ఆరు నెలల ఖర్చు చేరేదాకా దానికి వేరే ఉద్దేశం వద్దు. సాయంత్రాల విషయంలోనూ అంతే, ఒకటి ఖాళీగా ఉంచి అందులో ఏమీ నింపకండి.

ఇక ఈ పద్ధతి ఎక్కడ పనికిరాదో చెబుతానన్నాను. మనిషి ఫర్నేసు కాడు. దగ్గరివాళ్లు పోయిన దుఃఖం రీడింగ్‌లో తేడా కాదు, దాన్ని సరిచేయాల్సిన పని లేదు, అనుభవించాలి. వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పూర్తిగా చెదిరిపోవడం, బతకాలని లేదనిపించడం ఉంటే లాగ్‌బుక్ పక్కన పెట్టి డాక్టరును కలవాలి. ఇక్కడ బెంగళూరులో మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ కౌన్సెలర్లు ఏ టైంలోనైనా ఉచితంగా మాట్లాడతారు. మీ ప్రశ్నలో అలాంటిదేమీ కనిపించలేదు, కానీ ఇది చదివేవాళ్లలో ఎవరికైనా అవసరం కావచ్చు. ఇంకోటి: మీతో ఉండేవాళ్లు మీ సిస్టమ్‌లో పార్టులు కారు. భార్య వచ్చాక ఆమె లూపులు ఆమెకుంటాయి. ఆమెను మీ లాగ్‌బుక్‌తో కొలవకండి.

ఇల్లు కొనాలా, ఊరికి వెళ్ళాలా అన్నదానికి నేను జవాబు చెప్పలేను. కానీ దాన్ని కూడా ఊహల్లో కాకుండా స్టెప్ టెస్ట్‌తో చూడొచ్చు. మీరు అనుకుంటున్న 60 లక్షల లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుందాం. నెలకు ఈఎంఐ సుమారు 52 వేలు. మొదటి నెల అందులో 42,500 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది తొమ్మిదిన్నర వేలు. ఇరవై ఏళ్లలో మొత్తం కట్టేది దాదాపు కోటీ 25 లక్షలు. ఇప్పుడు మీ అద్దె 24 వేలు అన్నారు. తేడా 28 వేలు. ఆరు నెలల నిల్వ చేరాక, లోన్ తీసుకోకముందే ఆ 28 వేలను జీతం పడిన మర్నాడే వేరే ఖాతాకు మళ్ళించండి, ఇంకో ఆరు నెలలు ఈఎంఐ కడుతున్నట్టే బతకండి. అందులో ఒక ముహూర్తాల నెల, ఒక పండగ నెల ఉండేలా చూసుకోండి. ఆ డబ్బును మధ్యలో తీయాల్సి వచ్చిందా, ఉద్యోగం నచ్చకపోయినా వదలలేననే భయం పట్టుకుందా, లాగ్‌బుక్‌లో రాసుకోండి. ఈ భయం గురించి బ్యాంకు పేపర్లలో ఉండదు గానీ, ఇరవై ఏళ్లు మీ ఏడాది లూప్‌ను కట్టిపడేసేది అదే. టెస్ట్ నిలబడకపోయినా డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

అమ్మానాన్నల సంగతి కూడా ఇలాగే చూడొచ్చు. వాళ్లను "వచ్చి ఉండిపొండి" అని అడిగితే వద్దంటారు, ఏ తల్లిదండ్రులైనా అంతే. ఈ వేసవిలో ప్రొద్దుటూరు ఎండల నుంచి తప్పించుకోవడానికని రెండు నెలలకు పిలవండి. నాన్నకు కుందలహళ్ళిలో పొద్దున నడవడానికి చోటు, మాట్లాడటానికి మనుషులు దొరికారా, అమ్మకు పక్కింటివాళ్లతో పొసిగిందా చూడండి. తర్వాత మీ ఆఫీసు ఒప్పుకుంటే మీరు ఒక నెల ప్రొద్దుటూరు నుంచి పనిచేయండి, పండగ నెల కాకుండా మామూలు నెల. ఆ రెండూ అయ్యాక ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. ఇప్పటికైతే ఒక రూళ్ల పుస్తకం కొనుక్కుని, ఈ రాత్రి లైటు ఎన్నింటికి ఆర్పారో అందులో రాయండి.